ట్యూబులు మార్చినా తగ్గని డైపర్ ర్యాష్: ఏడు నెలల పాప కేసు

పిల్లల డాక్టరుగా నా ఓపీలో డైపర్ ర్యాష్ కనబడని వారం ఉండదు. చాలావరకు రెండు మూడు రోజుల్లో సర్దుకునే సమస్యే కాబట్టి దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఈ కేసు మాత్రం రాసి పెట్టాలనిపించింది. ఇందులో జబ్బేమిటో పోల్చడం కష్టం కాలేదు, మందులూ సరైనవే పడ్డాయి, అయినా పాప పిర్రలు మానలేదు. ఎందుకు మానలేదన్నది డైపర్ మార్చే చోట కూర్చుని చూస్తే గానీ తెలియలేదు. నాలాగా చిన్న పట్టణాల్లో ప్రాక్టీసు చేసేవాళ్లకి, చంటిపిల్లలున్న ఇళ్లలో వాళ్లకి కూడా ఇది పనికొస్తుందని నమ్మకం.

పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. కుటుంబం అనుమతి తీసుకున్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

పాపకి ఏడు నెలలు, తొలి కాన్పు. నెలలు నిండి పుట్టింది. టీకాలన్నీ వేళకి పడ్డాయి. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక తల్లిపాలతో పాటు ఉగ్గు, రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం పెడుతున్నారు. తల్లికి ప్రసూతి సెలవు అయిపోయి మళ్లీ ఉద్యోగంలో చేరింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాప అమ్మమ్మ చేతుల్లోనే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ ఎగ్జిమా, సోరియాసిస్ లాంటివి లేవు. పాపకి కూడా అప్పటిదాకా చర్మం మీద చిన్న పొక్కు వచ్చింది లేదు.

ఈ వయసుకి ఒక ప్రత్యేకత ఉంది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, అందులో చర్మాన్ని తినే ఎంజైముల జోరు తక్కువ. పైఆహారం మొదలవగానే మలం తీరు మారిపోతుంది. అందుకే డైపర్ ర్యాష్ మొదటి మూడు నాలుగు నెలల కన్నా ఆ తర్వాతే, ముఖ్యంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. "ఇన్నాళ్లూ ఇదే డైపరు, ఇదే సబ్బు, ఇప్పుడెందుకొచ్చింది?" అని తల్లులు అడిగే ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

ఏప్రిల్ ఎండలు ముదిరే వేళ పాపకి జలుబు, జ్వరం, చెవి నొప్పి వచ్చాయి. వేరే చోట చూపిస్తే అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన యాంటీబయాటిక్ సిరప్ వారం రోజులకి రాశారు. చెవి నొప్పి తగ్గింది. కానీ మందు మొదలెట్టిన మూడో రోజు నుంచి పాపకి మోషన్స్ పలచబడ్డాయి. రోజుకి ఆరేడు సార్లు, కొంచెం కొంచెంగా. ఈ సిరప్‌తో అలా అవడం మామూలే. మరో రెండు రోజులకి పిర్రలు ఎర్రగా కందాయి.

నా దగ్గరికి రాకముందు

ఇంట్లో ఏమేం చేశారో వివరంగా అడగడం నాకు అలవాటు. ఒకసారి అడిగితే "ఏమీ వాడలేదమ్మా" అంటారు. "పౌడర్? నూనె? పసుపు? షాపు నుంచి ట్యూబు?" అని ఒక్కోటీ పేరు పెట్టి అడిగితే అసలు జాబితా బయటికొస్తుంది.

మొదట పౌడర్ అద్దారు. చెమ్మ పీల్చుకుంటుందని అందరిలాగే వాళ్లూ అనుకున్నారు. పలచటి మోషన్ తగలగానే అది ముద్దలు కట్టి తొడ ముడతల్లో గరుగ్గా గుచ్చుకుంటుంది. అదీ కాక, చల్లినప్పుడు లేచే టాల్కం దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. కొన్ని పౌడర్లలో బోరిక్ యాసిడ్ కూడా ఉంటుంది, ఒరుసుకుపోయిన చర్మం గుండా అది ఒంట్లోకి దిగితే విషం. చంటిపిల్లలకి మొల దగ్గర పౌడర్ వద్దని నేను కచ్చితంగా చెబుతాను, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

తర్వాత కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశారు. కొబ్బరినూనె వల్ల హాని లేదు. పసుపు మాత్రం పచ్చి పుండు మీద మంట పుట్టిస్తుంది. పైగా చర్మం పచ్చగా అయిపోతే ఎరుపు ఎంత ఉందో మనకీ కనబడదు.

ఆ పైన మెడికల్ షాపు ట్యూబు. సంచిలోంచి తీసి చూపించారు. క్లోబెటసోల్, నియోమైసిన్, మైకోనజోల్ మూడూ కలిపిన క్రీము. మొదటిది చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా గట్టిది, రెండోది యాంటీబయాటిక్, మూడోది ఫంగస్ మందు. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ (చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ దగ్గర "చంటిపాపకి ఎర్రగా అయిందండీ" అనగానే చేతికొచ్చేది చాలాచోట్ల ఇదే.

రాసిన మర్నాటికే ఎరుపు సగం తగ్గిందట. వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు ఆపితే మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువగా. మళ్లీ రాశారు, మళ్లీ తగ్గింది, ఆపగానే మళ్లీ తిరగబెట్టింది. అలా దాదాపు రెండు వారాలు గడిచాయి. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, ఆ అణిచిన చర్మం కిందే ఫంగస్ హాయిగా పెరుగుతుంది. అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటే ఉంది, కానీ రోజు విడిచి రోజు రాసే మందు దాన్ని పూర్తిగా పోగొట్టలేదు. డైపర్ లోపల ఆ క్రీము కట్టు కట్టి పెట్టినట్టే ఉంటుంది, మామూలు కంటే చాలా ఎక్కువ మందు చర్మం లోపలికి దిగుతుంది. చంటిపిల్లల బరువుతో పోల్చుకుంటే వాళ్ల చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కన్నా ఎక్కువ కాబట్టి ఒంట్లో చేరే మోతాదు కూడా ఎక్కువే.

వచ్చినప్పుడు చూసింది

పాప ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఉంది. డైపర్ ముట్టుకోబోతేనే కాళ్లు ముడుచుకుంటోంది. జ్వరం లేదు. బరువు వయసుకి తగినట్టే ఉంది. ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలు లేవు. మోషన్స్ ఇంకా రోజుకి నాలుగైదు అవుతున్నాయి.

డైపర్ తీశాక రెండు రకాల చర్మం కనిపించింది. గజ్జల్లో, తొడ ముడతల లోతుల్లో పచ్చి మాంసం రంగు ఎరుపు, దాని అంచున తెల్లటి సన్నని పొర, ఆ అంచు దాటాక చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్ర పొక్కులు. ఇది కాండిడా ఫంగస్ ముద్ర. పిర్రల ఉబ్బు మీద, డైపర్ రాసుకునే చోట్ల మాత్రం చర్మం మెరుస్తూ, నాలుగైదు చోట్ల పైపొర లేచిపోయి చెమ్మగా ఉంది. ఇది తడి, మలం, ఒరిపిడి వల్ల వచ్చే మామూలు డైపర్ ర్యాష్, కాకపోతే బాగా ముదిరింది.

పిల్లల పిర్రలు చూసేటప్పుడు నేను ముందు ముడతలు విప్పి చూస్తాను. మామూలు ఒరిపిడి ర్యాష్ డైపర్ తగిలే ఉబ్బుల మీద వస్తుంది, ముడత లోపలి చర్మాన్ని సాధారణంగా వదిలేస్తుంది. ఫంగస్ ముడతల్లోనే మకాం పెడుతుంది. ఈ పాపకి రెండూ ఉన్నాయి. ర్యాష్ మూడు రోజులు దాటితే ఫంగస్ వచ్చి చేరడం మామూలే, యాంటీబయాటిక్ పడితే ఇక చెప్పక్కర్లేదు. పేగుల్లో మంచి బాక్టీరియా తగ్గిపోయి కాండిడా పెరుగుతుంది, మలంతో పాటు నేరుగా చర్మం మీదికే వస్తుంది.

అందుకే నోరు కూడా చూశాను. బుగ్గల లోపల, నాలుక మీద తెల్లటి పొర ఉంది, గాజుగుడ్డతో తుడిస్తే రాలేదు. తల్లిని అడిగితే, పాలిచ్చేటప్పుడు చనుమొనల దగ్గర నాలుగైదు రోజులుగా మంట ఉందని అప్పుడు చెప్పింది. దాన్ని పాప పుండ్లతో ముడిపెట్టాలని తనకెలా తెలుస్తుంది?

వేరే జబ్బులు కావని కూడా తేల్చుకోవాలి. నోటి చుట్టూ, చేతివేళ్ల మీద పుండ్లు లేవు, జుట్టు ఊడటం లేదు. అవి కూడా ఉంటే జింక్ లోపం గురించి ఆలోచించేదాన్ని. అరచేతుల్లో, చంకల్లో దురద పొక్కులు లేవు, ఇంట్లో ఎవరికీ గజ్జి లేదు. మాడు మీద జిడ్డు పొలుసులు లేవు. చీము పొక్కులు, పసుపు పక్కులు లేవు కాబట్టి బాక్టీరియా చేరలేదు. మలద్వారం చుట్టూ గీత గీసినట్టు ఎరుపు, మలంలో రక్తం ఉంటే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా అనుమానం వచ్చేది, అదీ లేదు. స్టెరాయిడ్ ఒంట్లోకి ఎక్కువ దిగిందనిపించేలా ముఖం ఉబ్బడం లాంటి గుర్తులు కనిపించలేదు. ఫంగస్ పరీక్షకి చర్మం గీకి పంపవచ్చు గానీ, చూపుకే ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ రిపోర్టు నా వైద్యాన్ని మార్చదు. మంట పెడుతున్న చర్మాన్ని గీకి పాపని ఇంకా ఏడిపించడం ఎందుకని వద్దనుకున్నాను.

మొదటి వైద్యం, దాని వెనక లెక్క

మూడు మందుల ట్యూబు ఆపమన్నాను. ఆపాక రెండు మూడు రోజులు ఎరుపు పెరిగినట్టు కనిపిస్తుందని ముందే చెప్పాను. ఇది చెప్పకపోతే "డాక్టరు రాసింది పడలేదు" అని మళ్లీ పాత ట్యూబుకే వెళ్తారు. తీవ్రమైన ఒరిపిడి ర్యాష్‌కి ఒక శాతం హైడ్రోకార్టిజోన్ కొద్ది రోజులు వాడే పద్ధతి ఉంది. నేనూ అరుదుగా వాడతాను. ఈ పాప చర్మం అప్పటికే గట్టి స్టెరాయిడ్ తిని పలచబడింది, అందుకని తేలికపాటిది కూడా వద్దనుకున్నాను.

ఫంగస్‌కి ఒక శాతం క్లోట్రిమజోల్ క్రీము రోజుకి రెండుసార్లు. నోటికి క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్. తల్లికి కూడా పాలిచ్చాక రాసుకుని, మళ్లీ పాలిచ్చే ముందు తుడుచుకునేలా అదే క్రీము. తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి వైద్యం చేయకపోతే నోటి ఫంగస్ వీళ్ల నుంచి వాళ్లకీ, వాళ్ల నుంచి వీళ్లకీ తిరుగుతూనే ఉంటుంది. పాలు మాన్పించాల్సిన పని లేదని నొక్కి చెప్పాను.

ఫంగస్ క్రీము ఇంకాక పైన జింక్ ఆక్సైడ్ క్రీము, డైపర్ మార్చిన ప్రతిసారీ. ఇది మందు అనేకంటే అడ్డుగోడ అనాలి. మూత్రం, మలం చర్మాన్ని తాకకుండా ఆపడమే దాని పని. మోషన్స్‌కి ఓఆర్ఎస్, రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్ సిరప్ 14 రోజులు. ఈ సిరప్ విరేచనాల కోసం, చర్మం కోసం కాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన మోతాదు ఇదే. డైపర్ తడవగానే మార్చమని, శుభ్రంగా కడిగి ఆరబెట్టమని కూడా చెప్పి పంపాను.

ఏది తగ్గింది, ఏది తగ్గలేదు

నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. గజ్జల్లో ఎరుపు బాగా తగ్గింది. చుట్టూ ఉన్న పొక్కులు ఎండి పొట్టు రాలుతున్నాయి. నోరు శుభ్రంగా ఉంది. తల్లికి మంట పోయింది. మోషన్స్ కూడా రోజుకి రెండు మూడుకి దిగాయి. కానీ పిర్రల మీద పుండ్లు అలాగే ఉన్నాయి, కొత్తగా ఇంకో రెండు చోట్ల చర్మం లేచింది. పాప ఏడుపు తగ్గలేదు. తల్లి కళ్లలో నీళ్లు. "వేరే మంచి ట్యూబ్ ఏదైనా రాయండి మేడమ్, ఎంతైనా పర్లేదు."

ఇలాంటి చోట ఆగి ఆలోచించాలి. ఫంగస్ మందు పని చేయకపోతే ముడతల్లో తగ్గేది కాదు. కాబట్టి నోటి ద్వారా ఫ్లూకోనజోల్ లాంటిది మొదలెట్టడంలో అర్థం లేదు. చీము లేదు కాబట్టి యాంటీబయాటిక్ క్రీము అక్కర్లేదు. అసలు ఈ కథంతా యాంటీబయాటిక్‌తోనే మొదలైంది. మోషన్స్ తగ్గినా పుండు పెరుగుతోందంటే చర్మాన్ని ఇంకేదో గాయపరుస్తోంది. జింక్ క్రీములోని సువాసనో, వెట్ వైప్స్‌లోని ప్రిజర్వేటివో పడక అలర్జీ వచ్చిందా? కావచ్చు. లేక మార్చే పద్ధతిలో ఏదైనా ఉందా?

ట్యూబులు తెచ్చారా అని అడిగాను. తెచ్చారు. జింక్ క్రీము ట్యూబు పట్టుకోగానే నా అనుమానం బలపడింది. రోజుకి ఎనిమిది పదిసార్లు దట్టంగా రాస్తే ఈపాటికి అయిపోవాల్సిన ట్యూబు, ముక్కాలు వంతు నిండుగా ఉంది.

"అమ్మా, ఇప్పుడే ఒకసారి డైపర్ మార్చి చూపించండి. ఇంట్లో ఎలా చేస్తారో అచ్చం అలాగే" అని అమ్మమ్మతో అన్నాను. ఆవిడ కాస్త బిడియపడ్డారు గానీ మొదలుపెట్టారు.

పాప కాసేపటి క్రితమే మూత్రం పోసింది, మోషన్ లేదు. పాత క్రీము అక్కడక్కడా తెల్లగా అంటుకుని ఉంది. ఆవిడ సువాసన వచ్చే వెట్ వైప్ తీసి ఆ తెలుపంతా పోయేదాకా తుడిచారు. ముడతల్లోని తెలుపు రాకపోతే వేలికి వైప్ చుట్టి మరీ తీశారు. పాప కెవ్వున ఏడ్చింది. తర్వాత సంచిలోంచి చిన్న సీసా. యాంటీసెప్టిక్ లిక్విడ్ కలిపిన నీళ్లు. దానిలో గుడ్డ ముంచి మళ్లీ తుడిచారు. ఆరేందుకని కొంచెం పౌడర్. దాని మీద జింక్ క్రీము, ముఖానికి స్నో రాసినంత పలచగా. వెంటనే డైపర్, కారకుండా ఉండాలని నడుము దగ్గర గట్టిగా బిగించి.

"ప్రతిసారీ ఇంత శుభ్రంగా చేస్తారా అమ్మా?" అని అడిగాను.

"చెయ్యనా డాక్టరమ్మా? ఆ తెల్లటిది అలా పాచిలా ఉండిపోతే కొత్త మందు లోపలికి ఎలా దిగుతుంది?"

ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. మందు అంటే లోపలికి దిగాలి, దిగాలంటే కింద శుభ్రంగా ఉండాలి. పుండుకి మందు రాసే మామూలు తర్కం అదే. అడ్డుగోడలా నిలబడాల్సిన క్రీముకి ఆ తర్కం తిరగబడుతుంది. రోజుకి ఎనిమిదిసార్లు ఆ క్రీమును గీకి తీయడంతో, లేత చర్మం పైపొర దాంతో పాటే ఊడి వస్తోంది. పాప మీద ప్రేమతో, శ్రద్ధతో చేస్తున్న పనే పుండుని మాననివ్వడం లేదు.

రాత్రి సంగతి కూడా అడిగాను. పదింటికి వేసిన డైపర్ పొద్దున ఆరింటిదాకా అలాగే ఉంచుతున్నారు. పాప నిద్ర చెడుతుందని ఒక కారణం. ఇంకో కారణం తల్లి మెల్లిగా చెప్పింది. ఒక్కో డైపర్ పది రూపాయల పైమాటే, రోజుకి ఎనిమిదంటే నెల తిరిగేసరికి ఎంతవుతుంది? ఇది చిన్న విషయం కాదు. "తడవగానే మార్చండి" అని సులువుగా చెప్పేస్తాం. ఆ మాటకి అయ్యే ఖర్చు ఆ ఇంటి మీద పడుతుంది.

ఏది పని చేసింది

కొత్త మందు ఒక్కటీ రాయలేదు. అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పాపకి నేనే చేసి చూపించాను, తర్వాత ఆవిడ చేత చేయించాను.

వైప్స్, యాంటీసెప్టిక్ లిక్విడ్, పౌడర్ మూడూ బంద్. మూత్రం మాత్రమే పోస్తే తుడవక్కర్లేదు, గుడ్డతో అద్దితే చాలు. మోషన్ అయితే గోరువెచ్చని నీళ్లు చెంబుతో ధారగా పోయాలి. అంటుకున్నది రాకపోతే దూదికి కొబ్బరినూనె అద్ది నెమ్మదిగా తీయాలి. నూనె వాడొచ్చని చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. మలం తగిలిన పై పొర తీస్తే చాలు, కింద మిగిలిన తెల్లటి క్రీము జోలికి పోకూడదు. దాని మీదే మళ్లీ క్రీము వేయాలి. రోజుకి ఒక్కసారి, స్నానానికి ముందు మాత్రం నూనెతో మొత్తం తీసేసి చర్మం ఎలా ఉందో చూసుకోవాలి. ఫంగస్ క్రీము ఆ శుభ్రమైన చర్మానికి ఒకసారి, సాయంత్రం ముడతల్లో ఒకసారి. స్నానంలో మొల దగ్గర నలుగుపిండి ప్రస్తుతానికి వద్దన్నాను, పుండు మీద అది గరుగ్గా రుద్దుకుంటుంది.

క్రీము ఎంత మందంగా వేయాలో మాటల్లో ఎంత చెప్పినా పలచగానే రాస్తారు. "గోడకి సున్నం కొట్టినట్టు వేయాలమ్మా, కింద చర్మం కనబడకూడదు" అంటే ఆవిడకి చటుక్కున అర్థమైంది. సువాసన లేని సాదా జింక్ ఆక్సైడ్ ఆయింట్‌మెంట్ రాశాను. దాని పైన మామూలు పెట్రోలియం జెల్లీ పూత వేస్తే డైపర్‌కి క్రీము అంటుకుపోదు, జింక్ కూడా తక్కువ ఖర్చవుతుంది.

డైపరా, గుడ్డా అన్న చర్చ ఆ ఇంట్లో కూడా నడుస్తోంది. "ఈ డైపర్ల వల్లే ఇదంతా, మేం లంగోటీలతోనే పెంచాం" అని అమ్మమ్మ. డైపర్ లేకపోతే కుదరదని తల్లి. నా ఉద్దేశం ఇద్దరికీ ఒకేలా చెప్పాను. మంచి డైపర్‌లోని జెల్ మూత్రాన్ని పీల్చుకుని చర్మానికి దూరంగా పట్టి ఉంచుతుంది. ఆ లెక్కన తడిసిన గుడ్డ కన్నా అదే నయం. కానీ మలాన్ని ఏ డైపరూ పీల్చుకోదు. చర్మం సహజంగా కొంచెం ఆమ్లంగా ఉంటుంది. మూత్రం, మలం కలిసి ఎక్కువసేపు ఉంటే మలంలోని బాక్టీరియా యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది, ఆమ్ల గుణం పోతుంది, అప్పుడు మలంలోని ఎంజైములు చెలరేగి నానిపోయిన చర్మాన్ని కొరుకుతాయి. అది డైపర్‌లో జరిగినా లంగోటీలో జరిగినా ఒకటే. గుడ్డ లంగోటీ తడవగానే మార్చే మనిషి పక్కనే ఉంటే, పైన ప్లాస్టిక్ నిక్కరు లేకపోతే, ఎండాకాలంలో అది చక్కగా పనికొస్తుంది.

అలా ఒక ఏర్పాటుకి వచ్చాం. పగలు అమ్మమ్మ దగ్గర ఉన్నంతసేపూ చాలావరకు పాత పంచె ముక్కల లంగోటీలు. మార్చిన ప్రతిసారీ పావుగంట సేపు ఏమీ కట్టకుండా, రబ్బరు షీటు మీద మెత్తటి గుడ్డ పరిచి బోర్లా ఆడుకోనివ్వడం. గుడ్డలు ఉతికాక ఫ్యాబ్రిక్ కండిషనర్, యాంటీసెప్టిక్ కలపకుండా రెండుసార్లు జాడించి ఎండలో ఆరేయడం. డైపర్లు రాత్రికి, బయటికి వెళ్లినప్పుడు. మామూలు కన్నా ఒక సైజు పెద్దవి, వదులుగా. ఇలా చేస్తే డైపర్ల ఖర్చు కూడా సగానికి తగ్గింది. రాత్రి పాప ఎలాగూ ఒకసారి పాలకి లేస్తుంది, అప్పుడు డైపర్ మార్చే పని తండ్రి తీసుకున్నాడు. ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడి వింటున్న మనిషి "అది నేను చూసుకుంటానండీ" అన్నాడు.

మూడో రోజు తల్లి ఫోన్‌లో ఫోటో పంపింది. చెమ్మగా ఉన్న పుండ్లు ఎండాయి. వారానికి గులాబీ రంగు మాత్రమే మిగిలింది. ఫంగస్ క్రీము ఎరుపు పూర్తిగా పోయాక కూడా మరో నాలుగైదు రోజులు వాడించాను. పైకి తగ్గగానే ఆపేస్తే తిరగబెట్టడం ఇందులో చాలా మామూలు.

ఒక భయం మాత్రం ఇంకొన్నాళ్లు మిగిలింది. పుండ్లు మానిన చోట చర్మం చుట్టూ ఉన్న రంగు కన్నా తెల్లగా ఉంది. "బొల్లి కాదు కదా డాక్టరమ్మా? ఆడపిల్ల..." అంటూ అమ్మమ్మ మాట ఆపేశారు. కాదు. మానిన చర్మం కొంతకాలం అలా రంగు తగ్గి ఉంటుంది, గట్టి స్టెరాయిడ్ పడిన చోట ఇంకొంచెం ఎక్కువ. ఏమీ రాయకుండా వదిలేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో కలిసిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే ఆ తెల్లమచ్చల కోసం మళ్లీ ఏదో ఒక ట్యూబు కొంటారు. తొమ్మిది నెలలకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి వచ్చినప్పుడు చూస్తే మచ్చలు కలిసిపోయాయి.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

డైపర్ ర్యాష్ తిరగబెట్టి వచ్చిన ప్రతి పిల్లకీ ఇప్పుడు నా ఓపీలోనే ఒకసారి డైపర్ మార్పించి చూస్తున్నాను. అయిదు నిమిషాలు పడుతుంది. క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, అయినా మానను. ఇంట్లో పాపని ఎవరు చూసుకుంటారో వాళ్లే రావాలని ముందే చెప్పిస్తున్నాను. తల్లికి చెబితే ఆవిడ ఇంటికెళ్లి అమ్మమ్మకి చెప్పేసరికి సగం మాటలు జారిపోతాయి, చేతి పని అసలు చేరదు. పాత ట్యూబులు తెమ్మనడం ఇంకొకటి. ఎంత వాడారన్నది ట్యూబు ఖచ్చితంగా చెబుతుంది.

యాంటీబయాటిక్ సిరప్ రాసినప్పుడల్లా అదే చీటీలో సాదా జింక్ క్రీము కూడా రాస్తున్నాను, మొదటి రోజు నుంచే పూయమని. మోషన్స్ మొదలయ్యాక, చర్మం లేచాక పూసే దానికన్నా ఇది ఎంతో మేలు. పిల్లలకి పళ్లొచ్చే రోజుల్లో, ఏ కారణంగానైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఇంతే. అసలు జలుబుకి ఆ సిరప్ అవసరమా అని మరోసారి ఆలోచించడం అంతకన్నా ముందు చేయాల్సిన పని. చెవిలో నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే తప్పదు, వట్టి జలుబుకి అక్కర్లేదు.

చీటీలో "వాడకూడనివి" అని కూడా తెలుగులో రాస్తున్నాను: పౌడర్, యాంటీసెప్టిక్ నీళ్లు, రెండు మూడు మందులు కలిపిన క్రీములు. చీటీ చూసే మెడికల్ షాపు అబ్బాయి కూడా అది చదువుతాడు.

ఇంట్లో చూసుకునేవాళ్లకి చివరిగా. పైన చెప్పినట్టు చేస్తే మామూలు ర్యాష్ రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. పట్టకపోయినా, ముడతల్లోకి పాకి చుట్టూ పొక్కులు లేచినా డాక్టరుకి చూపించాలి. జ్వరం వచ్చినా, చీము పొక్కులు గానీ నీటి బుడగలు గానీ కనిపించినా, మలంలో రక్తం పడినా, నోటి చుట్టూ, చేతుల మీద కూడా అలాంటి పుండ్లే వచ్చినా, పాప పాలు తాగడం తగ్గించి మగతగా ఉన్నా ఆ రోజే తీసుకెళ్లాలి. నెలలోపు పసికందుకైతే ఎంత చిన్నగా కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా నేరుగా చూపించాలి.